కళా ట్రస్టులో ఆరు నెలల సీనియర్ అకౌంటెంట్ పని: ఒప్పుకోవచ్చా, మొదట ఏం పట్టుకోవాలి?

మీ ప్రశ్న క్లుప్తంగా ఇదీ. శ్రీసిటీలో ఒక కంపెనీలో తొమ్మిదేళ్లు అకౌంట్స్ చూశారు. తిరుపతిలో సంగీతం, నాట్యం, జానపద కళల కోసం పనిచేసే ఒక పబ్లిక్ ట్రస్టులో సీనియర్ అకౌంటెంట్ ప్రసూతి సెలవు మీద వెళ్తున్నారు. ఆవిడ స్థానంలో జనవరి మొదటి వారం నుంచి జూన్ ఆఖరు దాకా మిమ్మల్ని రమ్మంటున్నారు. ట్రస్టు లెక్కలు ఎప్పుడూ చూడలేదు కాబట్టి ఒప్పుకోవచ్చా, ఒప్పుకుంటే మొదట ఏం పట్టుకోవాలి అని అడిగారు.

ఒప్పుకోండి. వోచర్లు, బ్యాంకు రికన్సిలియేషన్ (మన పుస్తకాల్ని బ్యాంకు స్టేట్‌మెంటుతో సరిపోల్చడం), టీడీఎస్ (చెల్లించేటప్పుడే కోసే ఆదాయపన్ను) మీకు వచ్చు, పనిలో ముప్పాతిక భాగం అదే. మిగతా పావు మాత్రం కంపెనీలో ఉండదు. కంపెనీలో బ్యాంకులో పడిన డబ్బు కంపెనీది. ట్రస్టులో ప్రతి రూపాయి వెనకా ఇచ్చినవాళ్ల మాట ఒకటుంటుంది. ఎవరిచ్చారు, దేనికిచ్చారు, అందులో ఇంకా ఎంత మిగిలింది. ఈ మూడింటికీ ఏ రోజు అడిగినా కాగితం చూపించి జవాబు చెప్పగలిగితే మీ పని మీరు చేసినట్టే. లాభనష్టాల ఖాతా ఎంత అందంగా తయారుచేసినా ఇవి చెప్పలేకపోతే ఆడిట్‌లో ఇరుక్కుంటారు.

ముందుగా ఒక జాగ్రత్త. కింద రాసిన సెక్షన్లు, ఫారాల నంబర్లు 1961 ఆదాయపన్ను చట్టానివి. 2025 కొత్త చట్టం 2026 ఏప్రిల్ 1 నుంచి అమలు కాబట్టి ఏప్రిల్ తర్వాతి లావాదేవీలకు కొత్త నంబర్లు ఆడిటర్ దగ్గర సరిచూసుకోండి.

చేరేముందు రాయించుకోవాల్సినవి

ప్రసూతి సెలవు 26 వారాలు. మీ కాలం దాదాపు అంతే. కానీ అందులోనే మార్చి ముగింపు, ఏప్రిల్ 30న మార్చి టీడీఎస్ జమ, మే 31న నాలుగో త్రైమాసికం టీడీఎస్ రిటర్ను, అదే రోజున విరాళాల స్టేట్‌మెంటు 10బీడీ, జూన్ 15న ఫారం 16ఏలు (టీడీఎస్ సర్టిఫికెట్లు), అన్నీ వచ్చి పడతాయి. ఆడిట్ రిపోర్టు గడువు సెప్టెంబరు 30, ట్రస్టు ఆదాయపన్ను రిటర్ను ఐటీఆర్-7 గడువు అక్టోబరు 31. అంటే లెక్కలు కట్టేది మీరు, ఆడిటర్‌కు జవాబు చెప్పేది తిరిగొచ్చే ఆవిడ. ఏ నెల వరకు ఏ పని మీది అన్నది నియామక పత్రంలోనే రాయించండి.

జీతమా, కన్సల్టెంటు ఫీజా అన్నది కూడా తేల్చుకోండి. ఫీజు అయితే ఏడాదికి 50,000 దాటగానే 10 శాతం టీడీఎస్ కోస్తారు. పీఎఫ్, సెలవులు ఉండవు. మొత్తం మాట్లాడుకునేటప్పుడే ఇది లెక్కలో పెట్టుకోండి.

ఇంకొకటి, దీని మీద గట్టిగా నిలబడండి. బ్యాంకు ఆన్‌లైన్‌లో పేమెంటు ఎక్కించేదీ మీరే, ఆమోదించేదీ మీరే కాకూడదు. చిన్న ఆఫీసుల్లో ట్రస్టీ తన ఓటీపీ ఫోన్లో చెప్పేసి "మీరే చూసుకోండి" అంటారు. మర్యాదగానే కాదనండి. ఆరు నెలలకు వచ్చినవాళ్ల చేతిలో రెండు తాళాలూ ఉండటం మీకూ మంచిది కాదు, వాళ్లకూ మంచిది కాదు.

మొదటి వారం: ఫండ్ల పట్టిక

కొత్త వోచర్లు ఎక్కించడం రెండు రోజులు ఆగినా ఏమీ కాదు. ముందు చేరిన రోజు నాటి బ్యాంకు, ఎఫ్‌డీ నిల్వలన్నీ ఒక కాగితం మీద రాయండి. వాటిని ఫండ్లవారీగా విడగొట్టండి. ఉదాహరణకు మొత్తం 41,60,000 ఉందనుకుందాం. అందులో కార్పస్ (మూలనిధి) ఎఫ్‌డీలు 25,00,000. ఒక కంపెనీ సీఎస్‌ఆర్ (సామాజిక బాధ్యత) కింద ఇచ్చినదాంట్లో ఖర్చు కానిది 9,20,000. కేంద్ర సాంస్కృతిక శాఖ గ్రాంటులో మిగిలింది 3,15,000. ఇవన్నీ తీసేస్తే ట్రస్టు తన ఇష్టం వచ్చినట్టు వాడుకోగలిగింది 4,25,000 మాత్రమే. ట్రస్టీలు చాలాసార్లు కార్పస్ ఒక్కటి తీసేసి, చేతిలో పదహారు లక్షలున్నాయనుకుని కొత్త కార్యక్రమం ఒప్పేసుకుంటారు. ఈ పట్టిక నెల నెలా వాళ్ల ముందు పెడితే అది ఆగుతుంది.

పట్టికలో ప్రతి వరుసకూ ఒక కాగితం ఆధారం ఉండాలి. కార్పస్ అంటే "ఇది మూలనిధికే" అని దాత రాతపూర్వకంగా చెప్పి ఉండాలి. రసీదు మీద మనవాళ్లు కార్పస్ అని రాసుకుంటే చాలదు. ఆ డబ్బు సెక్షన్ 11(5)లో చెప్పిన చోట్లే, అంటే షెడ్యూల్డు బ్యాంకు డిపాజిట్ల వంటివాటిలోనే, విడిగా గుర్తుపట్టగలిగేలా పెట్టి ఉండాలి. కార్పస్‌లోంచి తీసి ఖర్చు పెడితే ఆ ఖర్చు అప్పటికి వినియోగం (ఏటా లక్ష్యాలకు పెట్టాల్సిన 85 శాతం ఖర్చు, కింద మార్చి భాగంలో ఉంది) కింద లెక్కకు రాదు. ఐదేళ్లలోపు తిరిగి కార్పస్‌లో వేసినప్పుడే వస్తుంది. కేంద్ర గ్రాంటు మీద బ్యాంకు వడ్డీ వస్తే అది ట్రస్టు ఆదాయం కాదు. ఖాతాలు ఖరారయ్యాక కేంద్ర ప్రభుత్వ సంచిత నిధికి తిరిగి కట్టాలి. పేరుకుపోయిన ఈ వడ్డీ సాధారణ ఖర్చుల్లో కలిసిపోవడం చాలా చోట్ల కనిపించే తప్పు.

టాలీలో దీనికి సులువైన అమరిక ఉంది. కాస్ట్ సెంటర్లు (ఖర్చును విభాగాలవారీగా గుర్తించే సదుపాయం) ఆన్ చేసి రెండు కేటగిరీలు పెట్టండి. ఒకటి ఫండ్: సాధారణ నిధి, ఫలానా కంపెనీ సీఎస్‌ఆర్, ఫలానా గ్రాంటు. రెండోది కార్యక్రమం: త్యాగరాజ ఆరాధన, వేసవి శిక్షణ, భారతం ప్రదర్శనలు. ప్రతి ఖర్చు వోచరూ రెండింటికీ పడాలి. అలా పడితే వినియోగ పత్రం (ఇచ్చిన డబ్బు దేనికి ఖర్చయిందో దాతకు చూపే కాగితం) అరగంటలో తీయొచ్చు. పడకపోతే మే నెలలో రాత్రుళ్లు కూర్చోవాలి. లెడ్జర్లను మాత్రం కార్యక్రమానికొకటి చొప్పున పెంచకండి. "సౌండు సిస్టమ్ ఖర్చు" ఒక్కటే లెడ్జరు, పంపకం కాస్ట్ సెంటర్ల పని.

బిల్లుల మీద స్టాంపు తప్పనిసరి. "ఫలానా గ్రాంటు కింద రాయబడినది, మొత్తం, వోచరు నం." అని ఒక రబ్బరు స్టాంపు చేయించి ఒరిజినల్ బిల్లు ముఖం మీదే కొట్టండి. వెనక కాదు. ఒకే షామియానా బిల్లు జెరాక్సు ఇద్దరు దాతల వినియోగ పత్రాల్లో కనిపిస్తే, అది పొరపాటే అయినా సంస్థ పరువు పోతుంది. బిల్లును ఇద్దరికి పంచాల్సి వస్తే ఇద్దరి వాటాలూ ఆ స్టాంపు గడిలోనే రాయండి.

కళాకారుల చెల్లింపులు

అసలు చిక్కులన్నీ ఇక్కడే ఉంటాయి. ఒక మృదంగ విద్వాంసుడు ఏడాదిలో మూడు కచేరీలకు వచ్చాడనుకుందాం, ఒక్కోదానికి 18,000. మొదటి రెండింటికీ కలిపి 36,000, టీడీఎస్ లేదు. మూడోదాంతో 54,000 అయింది. 2025 ఏప్రిల్ నుంచి 194జే (వృత్తి ఫీజుల మీద టీడీఎస్ సెక్షన్) పరిమితి ఏడాదికి 50,000. అది దాటితే దాటిన 4,000 మీద మాత్రమే కాదు, మొత్తం 54,000 మీద 10 శాతం కోయాలి. అంటే మూడో చెల్లింపులో 5,400 పోయి చేతికి 12,600 వస్తుంది. ముందుగా చెప్పకపోతే ఆయన మనసు కష్టపెట్టుకుంటారు, అందులో న్యాయముంది. మూడో కచేరీ ఆహ్వానం వెళ్లేటప్పుడే ఫోన్ చేసి చెప్పండి, ఫారం 16ఏ ఎప్పుడు వస్తుందో కూడా చెప్పండి.

ఇది ఎందుకు తప్పుతుందంటే, వోచర్లు "కచేరీ ఖర్చులు" అని నేరుగా ఖర్చు లెడ్జర్‌కు పడతాయి, మనిషి పేరు వివరణలో మాత్రమే ఉంటుంది. ప్రతి కళాకారుడికీ, ఐదు వేలు ఇచ్చినా సరే, పాన్‌తో ఒక పార్టీ లెడ్జరు తెరవండి. మీరు చేరగానే ఏప్రిల్ నుంచి డిసెంబరు దాకా వోచర్ల వివరణలు చదివి పేర్లవారీగా కూడండి. మూడో త్రైమాసికం టీడీఎస్ రిటర్ను గడువు జనవరి 31. ఏదైనా జారిపోయి ఉంటే వడ్డీతో కట్టి ఆ రిటర్నులోనే చూపించవచ్చు.

194జే పెట్టాలా 194సీ (కాంట్రాక్టు చెల్లింపుల సెక్షన్) పెట్టాలా అన్నదాంట్లో ఆడిటర్ల మధ్య తేడా ఉంది. వృత్తుల జాబితాలో సినిమా కళాకారులు ఉన్నారు గానీ శాస్త్రీయ గాయకులు, నర్తకులు నేరుగా లేరు. 10 శాతం కోసేస్తే సంస్థకు ఇబ్బంది రాదు, కళాకారుడు ఎక్కువైంది రిఫండు తెచ్చుకుంటాడు. నేనైతే అదే చెబుతాను. మీ ఆడిటర్ వేరేగా అంటే మెయిల్లో రాయించుకుని ఏడాదంతా అందరికీ ఒకటే పద్ధతి పాటించండి. సౌండు, లైట్లు, షామియానా, భోజనాల వాళ్లకు మాత్రం సందేహం లేదు, 194సీ. ఒక్క బిల్లు 30,000 దాటినా, ఏడాది మొత్తం లక్ష దాటినా వ్యక్తులకు 1 శాతం, సంస్థలకు 2 శాతం. భారత పౌరుడు కాని విదేశీ కళాకారుడు వస్తే 194ఈ కింద 20 శాతం, పైన సెస్సు. దానికి కనీస పరిమితి లేదు.

ఇక వీధినాటకం, భారతం మేళాలు. మన చిత్తూరు, తిరుపతి జిల్లాల్లో ఈ ఖర్చు లేని కళాసంస్థ ఉండదు. పదిహేను మంది మేళం, 45,000 ఒప్పందం, తెల్లవారుజామున ఆట ముగిశాక మేళం పెద్ద చేతిలో నగదు. ఇలా చేస్తే ఆ 45,000 మొత్తం వినియోగం కింద లెక్కకు రాదు. ఒక మనిషికి ఒకరోజు 10,000 దాటి నగదు ఇస్తే ట్రస్టులకు వచ్చే శిక్ష అది. ఒప్పందం మేళం పెద్దతో అయితే ఆయన బ్యాంకు ఖాతాకే వేయండి. ఇది మేళంతో కాంట్రాక్టు కాబట్టి 194సీ: పాన్ ఉంటే 1 శాతం, 450 కోయండి. పాన్ లేకపోతే 20 శాతం, అంటే 9,000 పోతుంది. అది ఆ పదిహేను కుటుంబాల కూలి డబ్బు. అందుకే కార్యక్రమం ఖరారైన రోజే పాన్ అడగండి. ఆధార్ ఉన్నవాళ్లకు ఈ-పాన్ ఆన్‌లైన్‌లో ఉచితంగా వస్తుంది, మీ ఆఫీసు కంప్యూటర్లోనే చేసిపెట్టొచ్చు. లేదా ఒక్కొక్కరితో విడిగా ఒప్పుకుని 3,000 చొప్పున ఎవరి ఖాతాకు వాళ్లకు పంపండి. పేరు, ఊరు, ఏ వేషం, ఫోన్ నంబరు, సంతకం లేదా వేలిముద్రతో పట్టీ తయారుచేయండి. ఏది చేసినా ఒప్పంద కాగితం, చెల్లింపు పట్టీ ఒకదానికొకటి సరిపోవాలి. ఒప్పందం ఒకరితో, చెల్లింపు పదిహేను మందికి అయితే ఆడిటర్ అడుగుతాడు.

ఈవెంట్ అడ్వాన్సులు ఏడు రోజుల్లో సెటిల్ కావాలన్న నియమం పెట్టించండి. పాత అడ్వాన్సు తేలకుండా కొత్తది ఇవ్వకండి. ఆడిటోరియం తీసుకున్నప్పుడు కట్టిన కాషన్ డిపాజిట్లకు విడిగా ఒక జాబితా ఉంచండి. తిరిగి రావాల్సిన డిపాజిట్లు అద్దె ఖర్చులో కలిసిపోయి, అడిగేవాళ్లు లేక అక్కడే ఉండిపోతుంటాయి.

విరాళాలు, రసీదులు

రసీదు పుస్తకం తెరిస్తే 1,116, "ఒక కళాభిమాని" అని కనిపిస్తుంది. క్యూఆర్ కోడ్‌కు వచ్చిన 501లకు బ్యాంకు స్టేట్‌మెంటులో యూపీఐ ఐడీ తప్ప ఇంకేమీ ఉండదు. పేరు, చిరునామా రికార్డులో లేని విరాళం అనామక విరాళం. మొత్తం విరాళాల్లో 5 శాతం, లేదా లక్ష, ఏది ఎక్కువైతే అది దాటిన భాగానికి 30 శాతం పన్ను. ఏడాది విరాళాలు 38 లక్షలైతే 5 శాతం 1,90,000. అనామకం 2,60,000 ఉంటే తేడా 70,000 మీద 21,000 పన్ను. పేరు, చిరునామా అడిగి ఉంటే మిగిలిపోయే డబ్బు ఇది. కార్యక్రమం దగ్గర క్యూఆర్ బోర్డు పక్కనే పేరు, చిరునామా, పాన్ రాసే రిజిస్టరుతో ఒక వాలంటీరును కూర్చోబెట్టండి.

నగదు 2,000 దాటితే దాతకు 80జీ పన్ను మినహాయింపు రాదు. రసీదు ఇచ్చేటప్పుడే చెప్పడం మంచిది. 10బీడీ మే 31 దాటితే రోజుకు 200 రుసుము, అది దాఖలు చేశాకే దాతలకు ఇచ్చే 10బీఈ సర్టిఫికెట్లు వస్తాయి. దాతల జాబితాను ఫిబ్రవరి నుంచే ఎక్సెల్లో కట్టుకోండి. కార్పస్, నిర్దిష్ట గ్రాంటు, ఇతరాలు అన్న విభజన టాలీతో రూపాయి కూడా తేడా రాకూడదు.

అమెరికా విరాళాలు. మనవైపు ప్రతి ఇంటి నుంచీ ఒకరు అక్కడున్నారు కాబట్టి ఇది తప్పకుండా ఎదురవుతుంది. భారత పాస్‌పోర్టు ఉన్న ప్రవాసి తన సంపాదనలోంచి బ్యాంకు ద్వారా ఇస్తే అది విదేశీ విరాళం కాదు. పౌరసత్వం మారిన వ్యక్తి, ఓసీఐ కార్డున్నా సరే, తిరుపతి బ్యాంకు ఖాతాలోంచి రూపాయల్లో ఇచ్చినా అది విదేశీ విరాళమే. ట్రస్టుకు ఎఫ్‌సీఆర్‌ఏ (విదేశీ విరాళాల నియంత్రణ చట్టం) రిజిస్ట్రేషన్ లేకపోతే తీసుకోకూడదు. ఉంటే ఢిల్లీ స్టేట్ బ్యాంకు మెయిన్ బ్రాంచిలోని ఎఫ్‌సీఆర్‌ఏ ఖాతాలోకే రావాలి. కాబట్టి విదేశాల్లో ఉండే దాత పాస్‌పోర్టు నకలు లేకుండా రసీదు రాయకండి. విదేశీ విరాళం ఒక్కటి వచ్చినా, ఆదాయం 5 కోట్ల లోపే ఉన్నా, ఆడిట్ రిపోర్టు ఫారం 10బీబీలో కాకుండా ఫారం 10బీలో ఇవ్వాలి.

జీఎస్టీ

ట్రస్టుకు జీఎస్టీ ఉండదన్న మాట నమ్మకండి. మనిషికి 500 వరకు ఉన్న కచేరీ టికెట్టుకు మినహాయింపు ఉంది, దాటితే లేదు. జానపద, శాస్త్రీయ కళాకారుడికి తన ప్రదర్శనకు 1,50,000 వరకు మినహాయింపు. కానీ కళల శిక్షణకు ఉన్న మినహాయింపు 2022 జులై 18 నుంచి వ్యక్తులకు మాత్రమే మిగిలింది. ట్రస్టు పేరు మీద కూచిపూడి తరగతుల ఫీజు వసూలవుతుంటే అది దాని కింద రాదు. టికెట్లు, ఫీజులు, స్పాన్సర్‌షిప్ కలిపి ఏడాదికి 20 లక్షల వైపు వెళ్తుంటే వెంటనే ఆడిటర్‌కు చెప్పండి.

బ్యానర్ మీద "ఫలానా వారి సౌజన్యంతో" అని పేరు మాత్రమే ఉంటే అది విరాళం. దుకాణం లోగో, ఫోన్ నంబరు, ఆఫర్లు వేస్తే స్పాన్సర్‌షిప్, పన్ను పడేది. స్పాన్సర్ చేసేది కంపెనీ లేదా భాగస్వామ్య సంస్థ అయితే ట్రస్టు తరఫున పన్ను వాళ్లే కడతారు. సొంత యాజమాన్యంలోని నగల దుకాణమైతే బాధ్యత ట్రస్టుది. బ్యానర్ ప్రింటుకు వెళ్లేముందు ఒకసారి మీ కంట పడాలని చెప్పి ఉంచండి.

ఇదే రాబడికి ఆదాయపన్ను వైపు ఇంకో హద్దు ఉంది. కళాసంస్థలు సాధారణంగా ప్రజోపయోగ లక్ష్యం అన్న కోవలోకి వస్తాయి. రుసుము తీసుకుని చేసే కార్యకలాపాల రాబడి మొత్తం రాబడిలో 20 శాతం దాటితే ఆ ఏడాది మినహాయింపే పోతుంది. మొత్తం 60 లక్షలైతే హద్దు 12 లక్షలు. జనవరి ఆఖరుకు ఎంతయిందో లెక్కగట్టి ట్రస్టీలకు ఇవ్వండి. ఫిబ్రవరి, మార్చిలో టికెట్టు పెట్టాలా ఉచిత ప్రవేశం ఇవ్వాలా అన్నది అప్పుడు వాళ్లు నిర్ణయించుకోగలరు.

మార్చి

కంపెనీ అలవాటు దెబ్బతీసేది ఇక్కడ. కార్పస్ కాని ఆదాయంలో 85 శాతం ఆ ఏడాదిలో లక్ష్యాలకు ఖర్చు పెట్టాలి, అదీ నిజంగా చెల్లించి ఉండాలి. మార్చి 31న ప్రొవిజన్ (ఇంకా చెల్లించని ఖర్చుకు కేటాయింపు) రాస్తే బ్యాలెన్సు షీటులో ఉంటుంది గానీ 85 శాతం లెక్కకు రాదు. ఆదాయం 60 లక్షలైతే 51 లక్షలు కావాలి. ఖాతాల్లో ఖర్చు 52 లక్షలుండి అందులో 4 లక్షలు చెల్లించని బిల్లులైతే మీ దగ్గరున్నది 48 లక్షలే. ఫిబ్రవరి ఆఖరున ఈ లెక్క ఒకసారి వేయండి, మార్చి 20 కల్లా బిల్లులన్నీ తెప్పించి చెల్లించండి. టీడీఎస్ కోయని చెల్లింపుల్లో 30 శాతం, పరిమితి దాటిన నగదు ఇందులోంచి తీసేయాలి. వీణలు, సౌండు సిస్టమ్ కొంటే పూర్తి ధర కలుస్తుంది, తర్వాత వాటి మీద తరుగుదల అడగకూడదు. మరో ట్రస్టుకు విరాళం ఇస్తే 85 శాతమే లెక్కకొస్తుంది. ఇంకా తగ్గితే ఫారం 10తో ఐదేళ్ల వరకు కూడబెట్టుకోవచ్చు. దానికి ఏ పనికోసమో చెప్పే ట్రస్టీల తీర్మానం కావాలి. ఆగస్టు 31 కల్లా దాఖలు కావడం మంచిది. అప్పటికి మీరుండరు కాబట్టి లెక్కను జూన్‌లోనే తయారుచేసి తీర్మానం ముసాయిదాతో పాటు పెట్టండి.

అప్పగింత

జూన్ మొదటి వారం నుంచే మొదలుపెట్టండి. ఒకటే ఫైలు: జూన్ 30 నాటి ఫండ్ల పట్టిక, బ్యాంకు రికన్సిలియేషన్లు, తేలని అడ్వాన్సులు పేర్లతో, రావాల్సిన డిపాజిట్లు, పంపిన వినియోగ పత్రాలు, పంపాల్సినవి గడువులతో, ఆడిటర్ అభిప్రాయాల మెయిళ్లు. మీరు మార్చిన పాత ఎంట్రీలు విడిగా ఒక పేజీలో రాయండి: తేదీ, వోచరు నంబరు, ముందు ఎలా ఉంది, ఇప్పుడెలా ఉంది, ఎందుకు మార్చారు. టాలీలో ఎడిట్ లాగ్ మొదటి రోజే ఆన్ చేసి ఉంటే ఈ పేజీని దాంతో సరిచూసుకోవచ్చు. పుస్తకాలు అసెస్‌మెంటు సంవత్సరం ముగిశాక 10 ఏళ్లు దాచాలి కాబట్టి, మీ చేతిరాత పరిచయం లేనివాళ్లు కూడా ఏదో ఒకరోజు దీన్ని చదువుతారు. వీలైతే ఆవిడ తిరిగొచ్చిన తర్వాత రెండు రోజులు మీ ఇద్దరి పనిదినాలూ కలిసేలా నియామక పత్రంలోనే అడిగి పెట్టుకోండి. చివరి రోజు లాగిన్లు, టోకెన్లు, లాకరు తాళాలు, ఖాళీ రసీదు పుస్తకాలు నంబర్లతో సహా రాసి, ఇద్దరూ సంతకాలు చేసిన కాగితం ఒక నకలు మీ దగ్గర ఉంచుకోండి.